పోస్టరు వెనక కార్డు

మూడు కొట్టింది. ఇంకో గంట ఉంది. నాలుగు లోపు పంపేస్తే సోమవారానికల్లా ఉత్తరం మీ చేతిలో ఉంటుంది జెనిఫర్ గారూ అని కౌన్సిల్ ఆఫీసులో అమ్మాయి నిన్న ఫోన్లో చెప్పింది, మంచి పిల్ల, గొంతులో విసుగన్నదే వినపడదు, నాలుగు దాటితే మాత్రం ఈస్టర్ సెలవులయ్యాకే చూడగలం అని కూడా చెప్పింది, అదీ అంతే మర్యాదగా. బోడ్మిన్‌లో మెట్లులేని ఆ ఇంటివాళ్లేమో సోమవారం దాటి ఒక్క పూట కూడా ఆగలేమన్నారు. అందుకే జెనిఫర్ వంటింటి బల్ల మీద టాబ్లెట్ పెట్టుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చుంది. ఫారం నింపడం అయిపోయింది. చివరి ప్రశ్న ఒక్కటే తెర మీద నిలబడి ఉంది. ఈ పదహారు వారాల్లో ఊరికి చెందినవాళ్లెవరైనా ఈ ఇల్లు కొంటామని అడిగారా? అవును పక్కన ఒక గుండ్రటి గడి, లేదు పక్కన ఒక గడి. లేదు పక్కన నీలం చుక్క పొద్దున్నే పెట్టేసింది, టీ కూడా తాగకముందే, పళ్లు తోముకున్నంత మామూలుగా. ఇక మిగిలింది కింద ఉన్న పంపు అనే మాట మీద వేలు ఆనించడమే. ఆ వేలే పొద్దుట్నుంచి కదలడం లేదు.

వేలి వంక చూసుకుంది. బ్లీచింగు నీళ్లకి పగిలిన వేలు, పాతికేళ్ల శనివారాల వేలు. శనివారం పదింటికి సెలవులకి అద్దెకి దిగిన పాతవాళ్లు ఖాళీ చేసి పోవాలి, నాలుగింటికి కొత్తవాళ్లు దిగాలి, ఆ ఆరు గంటల్లోనే కింద వీధిలో అయిదు ఇళ్లకి దుప్పట్లు మార్చి, స్నానాలగదుల్లో ఎవరెవరివో వెంట్రుకలు ఏరి, కిటికీ అద్దాల మీద ఉప్పు గాలి మరకలు తుడిచి, బల్ల మీద పాలూ బిస్కెట్లూ పెట్టి రావాలి. అయిదిళ్ల తాళాలూ గుమ్మం పక్కన ఇనప డబ్బాల్లో ఉంటాయి, వాటి అంకెలు అయిదూ ఆమెకి నోటికొచ్చు. వాటిల్లో ఒకటైన ఫెయిర్‌బ్రదర్ గారింట్లో స్నానాలగది నేల అడుగునుంచి వెచ్చగా ఉంటుంది, ఇంట్లో పురుగు కూడా లేని ఫిబ్రవరిలోనూ వెచ్చగానే ఉంటుంది. ఒక్కసారి, పాతికేళ్లలో ఒక్కటంటే ఒక్కసారి, మేజోళ్లు విప్పి ఆ నేల మీద ఊరికే నిలబడింది, పది నిమిషాలో పావుగంటో, అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా ఆ వెచ్చదనం ఎక్కుతుంటే ఏడుపొచ్చింది. అదేం ఏడుపో ఎవరికీ చెప్పలేదు. మొగుడు డెన్జిల్ కోసమే ఇదంతా అని అందరికీ చెబుతోంది, తనకి తాను కూడా అదే చెప్పుకుంటోంది, నిజమే, డెన్జిల్ కోసమే, కానీ బోడ్మిన్ ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు ఆమె మొట్టమొదట వంగి చేత్తో తడిమి చూసింది స్నానాలగది నేలనే.

ఫెయిర్‌బ్రదర్ గారు సెప్టెంబర్లో అన్న మాటతో మొదలైంది ఇది. మీ ఇంటి మీద ఆ షరతు ఎప్పుడైనా పోతే చెప్పు జెన్, మా తమ్ముడు మర్నాడే డబ్బు కడతాడు, పై వీధి నుంచి సముద్రం భలే కనబడుతుందటగా అందావిడ. లండన్ వాళ్లకి అన్నీ మర్నాడే అయిపోతాయి. అప్పుడు నవ్వేసింది జెనిఫర్. షరతు పోవడమేంటి, ఆ షరతు పెట్టించినవాళ్లే మేం అని నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం ఒప్పందం కాగితాలు దించి చదివింది, పద్నాలుగేళ్లలో మొదటిసారి చివరిదాకా చదివింది. ఊళ్లో పుట్టినవాళ్లకో ఊళ్లో పనిచేసేవాళ్లకో మాత్రమే, బయటి ధరలో సగానికి కాస్త పైన ఇచ్చిన ఇల్లు. అమ్మేటప్పుడూ అలాంటివాళ్లకే, అదే తగ్గింపుతో అమ్మాలి. పదహారు వారాలు ఊళ్లోవాళ్ల కోసం చూడాలి, ఊళ్లో అందరికీ కనబడేచోట కార్డు పెట్టాలి, ఎవరూ రాకపోతే అప్పుడు షరతు ఎత్తేస్తారు, తర్వాత ఎవరికైనా ఎంతకైనా అమ్ముకోవచ్చు. ఎవరూ రాకపోతే అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది, ఇదే వేలు. పక్కగదిలో డెన్జిల్ దగ్గాడు, ఆమె ఉలిక్కిపడి కాగితాలు మడిచేసింది, దొంగసొత్తు దాచుకున్నట్టు.

డెన్జిల్ ఇప్పుడు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, ఒళ్లో దుప్పటి, దుప్పటి మీద కుడిచెయ్యి, పెట్టినచోట పెట్టినట్టే ఉంటుంది ఆ చెయ్యి. ముప్ఫై ఏళ్లు పీతల బుట్టలు లాగిన చెయ్యి. ఆ చెయ్యెత్తే కదా మాట్లాడాడు చర్చి హాల్లో, జనవరి చలిలో, నూటముప్ఫై మంది ముందు, టై కట్టుకోవడం కూడా రాని మనిషి. జేబులోంచి నలిగిన కాగితం తీసి చదివాడు. కింద వీధిలో అరవై ఒక్క ఇళ్లు, నిన్న సాయంత్రం దీపం వెలిగినవి తొమ్మిది, మిగతావన్నీ వేసవికొచ్చి పోయేవాళ్లవి, బడిలో పిల్లలు పదకొండుమంది, ఇంకో మూడేళ్లలో బడి ఉండదు, పడవలెక్కే మనుషులుండరు, మనం చచ్చిపోతే శవపేటిక మోయడానికి కిరాయికి మనుషుల్ని తెచ్చుకోవాలి అన్నాడు. జనం నవ్వారు, నవ్వినవాళ్లే కళ్లు తుడుచుకున్నారు. పైన పొలంలో పన్నెండిళ్లు కట్టండి, మనవాళ్లకే ఇవ్వండి, మనవాళ్ల దగ్గర్నుంచి మనవాళ్లకే పోవాలి, ఎన్నటికీ, అన్నాడు. ఎన్నటికీ అన్నప్పుడు బల్ల గుద్దాడు, కప్పు ఒకటి కిందపడి పగిలింది, ఆ కప్పు జెనిఫర్‌దే. పక్కన కూర్చున్న స్నేహితురాలు హెస్టర్ ఆమె చెవిలో, మీ ఆయన్ని ఎన్నికల్లో నిలబెట్టవే, కప్పులు తక్కువైతే మా ఇంటి నుంచి తెస్తా అంది. ఆ ఏడాది నుంచే దీపాల లెక్క అలవాటైంది ఊరికి. జనవరి మొదటి శుక్రవారం, చీకటిపడగానే, ఊళ్లోవాళ్లంతా కోట్లు తొడుక్కుని వీధివీధీ తిరిగి వెలిగిన కిటికీలు లెక్కపెట్టి, హాల్లో బోర్డు మీద రాసి, కుంకుమపువ్వు బన్నులు తిని ఇళ్లకి పోతారు. పన్నెండిళ్లు లేచిన ఏడాది పన్నెండు దీపాలు పెరిగితే డెన్జిల్ తాగకుండానే తూలుతూ వచ్చాడు ఇంటికి.

ఆ ఇళ్లకి చీట్లు తీసినప్పుడు నాలుగో చీటీ వాళ్లది. కొత్త గోడల సున్నం వాసన, తలుపు ఇంకా ఉబ్బి ఉండి గట్టిగా తోస్తే గానీ తెరుచుకోలేదు. అప్పుడు పదకొండు మెట్లు ఒక లెక్కా, డెన్జిల్ రెండేసి చొప్పున ఎక్కేవాడు, భుజం మీద బంగాళాదుంపల బస్తాతో. కొండ వాలున కట్టిన ఇల్లు, వీధిలోంచి గుమ్మానికి పదకొండు మెట్లు, లోపల పడగ్గదికి ఇంకో పదమూడు. పోయిన ఏప్రిల్లో అతని సగం ఒళ్లు చచ్చిపోయాక పదకొండు కొండంతయ్యాయి. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు ఇద్దరు అంబులెన్సు వాళ్లూ కొట్టు ఆర్థరూ కలిసి కుర్చీతో సహా మోసుకొచ్చారు, అంతే, మళ్లీ దిగలేదు. పదకొండు నెలలైంది అతను రేవు చూసి. కిటికీలోంచి కనబడే సముద్రం వేరు, రేవు వేరు. చక్రాల కుర్చీకి రాంప్ కట్టడానికి కొండ వాలు ఎక్కువ, కుదరదని కొలత వేసి చెప్పి వెళ్లిపోయారు. తగ్గింపు ధరకి అమ్మితే వచ్చేదాంతో మెట్లు లేని ఇల్లు ఈ చుట్టుపక్కల యాభై మైళ్లలో రాదు. అందుకని, అందుకనే. ఈ అందుకని అనే మాటని డిసెంబర్ నుంచి ఎన్నిసార్లు నమిలిందో, ఇప్పుడు దాంట్లో రుచి లేదు. డిసెంబర్లో ఒకరోజు అతని ముందు మోకాళ్ల మీద కూచుని అడిగింది కూడా, షరతు పోయేదాకా ఆగి అమ్ముదాం డెన్, నీకు సమ్మతమేనా అని. అవును అన్నాడు. జబ్బు చేశాక అతనికి మిగిలిన మాట అదొక్కటే. టీ కావాలా అంటే అవును, వద్దా అంటే అవును, నొప్పిగా ఉందా అన్నా అవునే. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు, తెలిసే అడిగింది, తెలిసే ఆ అవునుని తీసుకుని మూటగట్టుకుంది. ఆ క్షణంలో అతని కళ్లలోకి చూడకుండా దుప్పటి అంచు సర్దింది, అది గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కార్డు ఆర్థర్ కొట్టు కిటికీలో పెట్టింది. ఊళ్లో పోస్టాఫీసూ అదే, కిరాణా అదే, ఆర్థర్ యూరెన్ ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ బల్ల వెనకే ఉన్నాడు. కార్డు కనబడుతున్నట్టు నెలకొక ఫొటో తీసి పంపాలని కౌన్సిల్ వాళ్ల నిబంధన. నెలనెలా వెళ్లి ఫొటో తీసింది. తీశాక, ఆర్థర్ లోపల పాలడబ్బాలు సర్దుతుంటే, కార్డుని లైఫ్‌బోటు చందాల పోస్టరు వెనక్కి నెట్టింది. చూస్తే ఎంత చిన్న పని, రెండు వేళ్ల పని. కార్డు పెట్టలేదని ఎవరూ అనలేరు, ఉంది, కిటికీలోనే ఉంది, ఫొటో కూడా ఉంది. రెండోవారం రొట్టె కోసం వెళ్తే కార్డు పోస్టరు ముందుంది. గాలికి జరిగిందేమో అనుకుని మళ్లీ నెట్టింది, మూసి ఉన్న కిటికీలో గాలేమిటి అనుకోలేదు. నాలుగోసారి నెట్టి వెనక్కి తిరిగితే ఆర్థర్ బల్ల వెనక నిలబడి ఉన్నాడు, చేతిలో స్టాంపుల పుస్తకం. చిల్లర ఇస్తూ, డెన్జిల్ ఎలా ఉన్నాడు అని అడిగి, ఆమె తలుపు దగ్గరికి వెళ్లాక అన్నాడు, "నీ కార్డు ఊరికే జారిపోతోంది జెన్. రోజూ పొద్దున కొట్టు తెరవగానే నేను ముందుకి పెడుతున్నాలే, నువ్వేం బెంగపెట్టుకోకు." ఆ గొంతులో వెటకారం వెతికింది, దొరకలేదు. వెటకారమైతే బావుండేది, తిరిగి ఓ మాట అనేసి బయటపడేది. ఇంటిదాకా తేలు కుట్టిన దొంగలా నడిచి, పదకొండు మెట్లూ ఆగకుండా ఎక్కి, తలుపేసుకుని, రొట్టె మరిచిపోయి వచ్చిన సంగతి అప్పుడు గుర్తించింది.

ఆ కార్డు చూసే వచ్చింది కెర్రా. ఆరో వారం, జనవరిలో, దీపాల లెక్క అయ్యాక సోమవారం. గుమ్మంలో నిలబడి బూట్లు పట్టా మీద తుడిచిందే తుడిచింది, రోజూ వచ్చే ఇంటికి కొత్త మనిషిలా. రోజూ వస్తుంది మరి, మూడున్నరకి, డెన్జిల్ చేతికీ కాలికీ వ్యాయామం చేయించి, స్నానం చేయించి వెళ్తుంది, అది ఆమె ఉద్యోగం, ఊళ్లో ఇలాంటి ఆరేడు ఇళ్లు తిరుగుతుంది. హెస్టర్ కూతురు. నాలుగేళ్ల పాప మెర్రిన్‌తో ఓ రైతు పొలంలో నిలిపిన చక్రాల ఇంట్లో, కారవాన్లో ఉంటోంది, చలికాలానికి మాత్రమే, ఈస్టర్ వస్తే రైతు దాన్ని వేసవివాళ్లకి ఇచ్చుకుంటాడు, ఏటా అంతే, ఏటా ఈస్టర్‌కి సంచులు సర్దుకుని ఎవరి సోఫా మీదికో వెళ్తుంది. అమ్మమ్మ వదిలిపోయిన కాసింత ఉంది, బ్యాంకు వాళ్లు మిగతాది ఇస్తామన్నారు పిన్నీ, ఈ ఒక్క ఇంటికైతే సరిపోతుంది, ఇంకే ఇంటికీ సరిపోదు, అని ఒక్క గుక్కలో చెప్పింది, చెప్పి ఊపిరి తీసుకుంది. అప్పుడు జెనిఫర్ నోటివెంట వచ్చిన మాట, ముందుగా అనుకున్నది కాదు, నిజంగా అనుకున్నది కాదు, అయినా ఎక్కడో వండి సిద్ధంగా పెట్టుకున్నట్టే వచ్చింది. ముందే ఒకళ్లు మాట్లాడుకున్నారు తల్లీ, ఊళ్లోవాళ్లే, పేరు ఇప్పుడే చెప్పకూడదు. కెర్రా మొహం ఒక్కసారి చిన్నదైపోయి, వెంటనే సర్దుకుంది. పోనీలే పిన్నీ, ఊళ్లోవాళ్లేగా, ఇక్కడ దీపం వెలుగుతుంది అంది. అని లోపలికొచ్చి, కోటు తీసి తగిలించి, డెన్జిల్ చెయ్యి ఒళ్లోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ సాగదీయడం మొదలుపెట్టింది, రోజూలాగే.

పది వారాలైంది దానికి. పది వారాలుగా ఆ పిల్ల రోజూ మూడున్నరకి ఈ వంటింట్లో టీ తాగుతోంది. మెర్రిన్‌కి దగ్గు పట్టుకుంది ఫిబ్రవరిలో, కారవాన్ గోడలు చెమ్మతో కారుతున్నాయట, ఒకరోజు ఎవరికీ అప్పజెప్పలేక పిల్లని వెంట తెచ్చింది, పిల్ల ఈ బల్ల కిందే కూర్చుని చెంచాలతో ఆడుకుంటూ దగ్గింది, ఆ దగ్గు డొల్లగా ఉంది. జెనిఫర్ తేనె సీసా ఇచ్చి పంపింది. మంచి తేనె, ఆర్థర్ కొట్లో ఉన్నవాటిల్లో ఖరీదైనది. ఇచ్చేటప్పుడు తన చేతిని తనే చూసుకుని అసహ్యించుకుంది. అయినా ఇచ్చింది. ఇవ్వకపోతే ఇంకా అసహ్యంగా ఉండేది కదా, ఏం చేసినా అంతే, ఒకసారి ఆ మాట అనేశాక తేనె ఇచ్చినా తప్పే ఇవ్వకపోయినా తప్పే. హెస్టర్ బతికుంటే, ఒసే నీ మొహం మండా, నా పిల్లకి తేనె ఇచ్చి ఇల్లు ఎగ్గొడతావా అనేది, జుట్టు పట్టుకునేది. హెస్టర్ పోయి నాలుగేళ్లు. పోయే ముందు చెప్పలేదు, నా పిల్లని చూసుకో అని చెప్పలేదు, అలాంటివి చెప్పే మనిషి కాదు, చెప్పక్కర్లేదు అనుకుంది కాబట్టే చెప్పలేదు. జెనిఫర్ లేచి కెటిల్ పెట్టింది. పెట్టి, స్విచ్ వెయ్యడం మరిచి మళ్లీ కూర్చుంది. గడియారంలో మూడు ఇరవై ఎనిమిది.

మెట్ల మీద అడుగులు. కెర్రా ఎప్పుడూ పరుగున ఎక్కుతుంది, ఇవాళ నెమ్మదిగా ఎక్కింది. తలుపు తోసుకుని వచ్చి, చినుకుల్లో తడిసిన కోటు తగిలించి, బాబాయ్ ఇవాళ గడ్డం గీయించుకోలేదేం, పెళ్లిచూపులు లేవనా అంది. డెన్జిల్ మొహంలో బతికున్న సగం నవ్వింది. అవును అన్నాడు. జెనిఫర్ టాబ్లెట్‌ని బోర్లించింది. ఎందుకు బోర్లించిందో కెర్రా అడగలేదు, చూడను కూడా లేదు, స్టూలు లాక్కుని కూర్చుని డెన్జిల్ చెయ్యి అందుకుంది. బొటనవేలు పదిసార్లు, చూపుడువేలు పదిసార్లు, పైకి లెక్కపెడుతూ. కెటిల్ స్విచ్ వేసి టీ కాచి ఇచ్చింది జెనిఫర్, అది స్టూలు పక్కనే నేల మీద పెట్టుకుంది. మధ్యవేలు నాలుగు అన్నాక, లెక్క ఆపకుండానే, తల తిప్పకుండానే అంది.

"క్యాంబోర్న్‌లో గది దొరికింది పిన్నీ. ఈస్టర్ లోపే వెళ్లిపోవాలి. నన్నెరిగినవాళ్లెవరైనా ఓ ఉత్తరం రాసివ్వాలన్నాడు ఇల్లుగలాయన. ఎన్నేళ్లుగా ఎరుగుదువో, మంచిదాన్నో చెడ్డదాన్నో నువ్వే రాసిపెట్టు."

"చెడ్డదానివనే రాస్తా, అప్పుడైనా ఉండిపోతావు," అంది జెనిఫర్. అలవాటుగా అనేసిన మాట, అన్నాక నాలుక కరుచుకుంది.

కెర్రా నవ్వింది. బాబాయ్‌ని చూడ్డానికి ఇంకెవర్నో పంపుతారట, క్యాంబోర్న్ నుంచి రోజూ రావడం కుదరదు, ముప్ఫై మైళ్లు, బస్సు రెండుచోట్ల మారాలి. మెర్రిన్‌ని అక్కడి బళ్లో వేస్తుంది, పెద్ద బడి, మూడొందల మంది పిల్లలట. ఆ సంగతులన్నీ వేళ్ల లెక్క మధ్య మధ్యలో చెప్పింది, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా. జెనిఫర్ సొరుగులోంచి కాగితం తీసింది, పెన్ను తీసింది, బోర్లించిన టాబ్లెట్ పక్కనే పెట్టుకుని కూర్చుంది. ఏం రాయాలి? కెర్రా హోస్కెన్‌ని నేను ఎరుగుదును. ఎప్పట్నుంచి? ఆమె పుట్టినప్పట్నుంచి. అది ఊరికే రాసేమాట కాదు. ఈ ఊరివాళ్లంతా ట్రూరో ఆస్పత్రిలో పుట్టినవాళ్లే, పేరుకి ఊళ్లో పుట్టారంటారు గానీ. కెర్రా ఒక్కతే నిజంగా ఊళ్లో పుట్టింది. ఇరవై ఏడేళ్ల కింద, నవంబర్ పోటుకి సముద్రం రోడ్డు మీదికొచ్చి అంబులెన్సు అవతలే ఆగిపోతే, ఆర్థర్ కొట్టు వెనక గదిలో, బంగాళాదుంపల బస్తాల మధ్య. ఆర్థర్ బయట నిలబడి వేడినీళ్లు అందిస్తూ, చూడను, చూడను అని అరుస్తున్నాడు, నిన్నెవడు చూడమన్నాడురా అని హెస్టర్ లోపల్నుంచి అరుస్తోంది. ఆ పిల్లని ముందు పట్టుకున్నవి జెనిఫర్ చేతులే. జారిపోతుందేమోనని భయపడింది, ఎంత వేడిగా ఉందో ఆ ఒళ్లు. పట్టుకుంది, జారనివ్వలేదు. కెర్రా హోస్కెన్‌ని ఆమె పుట్టిన నిమిషం నుంచి ఎరుగుదును అని రాసింది. ఈ ఊళ్లోనే పుట్టింది అని రాసింది. ఈ ఊళ్లోనే చదివింది, ఈ ఊళ్లోనే పనిచేస్తోంది, ఈ ఊరి ముసలివాళ్లని చూసుకుంటోంది. రాస్తూ రాస్తూ ఆగింది. క్యాంబోర్న్‌లో గది అద్దెకిచ్చేవాడికి ఇదంతా ఎందుకు? వాడికేం పని, ఎక్కడ పుట్టిందో ఎక్కడ పనిచేస్తోందో? ఈ మాటలన్నీ అడిగేది వేరేవాళ్లు. అడిగిన ప్రశ్న ఆమె మోచేతి పక్కనే, బోర్లించి ఉంది.

చెవులు వేడెక్కాయి, మెడ వేడెక్కింది, కళ్లజోడు అద్దాలు మసకబారాయి. ఎవరూ చూడటం లేదు, ఎవరూ ఏమీ అనలేదు, అయినా తలకొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ భయం వేసింది, దొరికిపోతానేమో అని. ఇవాళ దొరికిపోయేది ఏమీ లేదు, ఇంకో అరగంటలో అన్నీ అయిపోతాయి, పిల్ల క్యాంబోర్న్ వెళ్లిపోతుంది, ఈ ఊళ్లో ఎవరూ ఎన్నటికీ అడగరు, ఆర్థర్ కూడా అడగడు. ఫెయిర్‌బ్రదర్ గారి తమ్ముడు ఈ వంటిల్లు పగలగొట్టి అద్దాల గోడ పెట్టిస్తాడు. వచ్చే జనవరి శుక్రవారం ఊళ్లోవాళ్లు కోట్లు తొడుక్కుని ఈ మెట్ల కింద నిలబడి, చీకటిగా ఉన్న ఈ కిటికీ వంక చూసి, డెన్జిల్ ఇల్లు కూడానా అని, బోర్డు మీద ఒకటి తగ్గించి రాసుకుంటారు. బోడ్మిన్‌లో వెచ్చటి నేల మీద నిలబడి ఆమె ఆ సాయంత్రం ఏం చేస్తుంది? ఏ వంక చూస్తుంది? కుర్చీలో ఉన్న మనిషి వంక చూడగలదా? ఉంగరంవేలు ఆరు, అంటోంది కెర్రా. ఏడు.

"ఇల్లు ఎవరూ అడగలేదు కెర్రా," అంది జెనిఫర్. "అప్పుడు నేను చెప్పింది అబద్ధం. నువ్వొక్కదానివే అడిగావు."

ఎనిమిది, తొమ్మిది, పది. కెర్రా లెక్క పూర్తిచేసింది. చిటికెనవేలు కూడా తీసుకుంది, పది దాకా చేసింది, ఒక్కటి కూడా తగ్గించలేదు. డెన్జిల్ చేతిని దుప్పటి మీద మెల్లిగా పెట్టింది. ఆ తర్వాత స్టూలు మీద తిరిగి కూర్చుంది. జెనిఫర్ చెప్పేసింది అంతా, కార్డు సంగతీ పోస్టరు సంగతీ, లండన్ తమ్ముడి సంగతీ, నాలుగింటి సంగతీ, ఒకదాని మీద ఒకటి, చెబుతుంటే ఒక్కొక్కటీ ఇంకా చిన్నబుద్ధిగా వినపడింది. మెట్ల కోసం, డెన్జిల్ కోసం అని కూడా అంది, అన్నాక ఎందుకన్నానా అనుకుంది. టాబ్లెట్ తిప్పి చూపించింది. కెర్రా వంగి ఆ నీలం చుక్క వంక చూసింది. వానకి తడిసిన వెంట్రుకలు నుదుటికి అతుక్కుని ఉన్నాయి, అచ్చం హెస్టర్ నుదురు.

"పది వారాలు," అంది కెర్రా. "మెర్రిన్ దగ్గు విన్నావు నువ్వు. ఈ బల్ల కిందే దగ్గింది." నుదుటి మీది తడి వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. "తేనె కూడా పంపావు."

జెనిఫర్ క్షమించు అనడానికి నోరు తెరిచింది, ఆ మాట ఎంత చవగ్గా ఉందో అనిపించి మూసుకుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద రొట్టె ముక్కల నలుసులు వేలితో ఒకచోటికి నెట్టింది. డెన్జిల్ ఇటే చూస్తున్నాడు. అతనికి మాటలు పోయాయి గానీ చెవులు పోలేదు, మాటల అర్థమూ పోలేదని డాక్టరు చెప్పాడు. అతని ఎడమచెయ్యి దుప్పటి మీద పిడికిలి బిగుసుకుని ఉంది. ఆ పిడికిలి ఎవరి మీదో, దేని మీదో, అడిగితే అవును అంటాడు. ఆమె అడగలేదు. పదహారేళ్ల కింద కప్పు పగిలినప్పుడు అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టింది, అరచేతులు మండేదాకా కొట్టింది.

"ఎంతయింది టైము?" అంది కెర్రా.

మూడు యాభై.

"మార్చి పంపు మరి. నాకు ఇల్లు కావాలి. నీ మీద కోపం తర్వాత తెచ్చుకుంటా, ఇప్పుడు టైము లేదు."

జెనిఫర్ నీలం చుక్కని అటునుంచి ఇటు మార్చింది. మార్చగానే కింద కొత్త గళ్లు తెరుచుకున్నాయి, అడిగినవారి పేరు, అడిగిన తేదీ, ఊరితో ఉన్న సంబంధం. పేరు రాసింది. తేదీ గడిలో జనవరి తేదీ వేసింది, ఆ తేదీ చూసిన ఆఫీసు అమ్మాయికి తెలిసిపోతుంది, పది వారాలు ఎందుకు దాచారు జెనిఫర్ గారూ అని ఆ మంచి గొంతుతోనే అడుగుతుంది. అడగనీ. సంబంధం గడిలో, ఈ ఊళ్లో పుట్టింది, పుట్టినప్పుడు నేను పట్టుకున్నాను అని రాసి, రెండో మాట ఫారాలకి పనికిరాదని చెరిపేసింది. పంపింది. అందింది అని తెర మీద వచ్చింది, మూడు యాభై ఆరు. సోమవారం బోడ్మిన్ వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పాలి. డెన్జిల్‌ని తీసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియదు. సెయింట్ ఆస్టెల్‌లో ముసలివాళ్లకి అద్దెకిచ్చే కౌన్సిల్ గదులుంటాయట, వాటికి రెండేళ్ల వరస ఉందట. అది ఆలోచిస్తే భయం వేసింది, కానీ మామూలు భయమే, పగలు వెలుతురులో కూర్చుని పడే భయం.

కెర్రా అప్పటికే లేచింది. డెన్జిల్ కార్డిగన్ బొత్తాలు పెట్టింది, కింది నుంచి పైకి, అతనికి ఇష్టమైన వరసలో. దుప్పటి కాళ్ల కింద మడిచింది. చల్లారిన టీ కప్పు తీసుకెళ్లి సింకులో ఒంపేసి, కడిగి, బోర్లించింది, ఒక్క గుక్క తాగలేదు. రాసి సగంలో ఆపిన ఉత్తరం బల్ల మీదే ఉంది, అది తీసుకోలేదు. కోటు తొడుక్కుని తలుపు దగ్గర ఆగింది. జెనిఫర్ కూడా లేచి నిలబడింది, బల్ల అంచు పట్టుకుని, ఏదో ఒకటి అంటుందని, తిడుతుందని, తిడితే బావుండునని. పుట్టి మాటలొచ్చినప్పట్నుంచి ఆ పిల్ల తనని పిన్నీ అనే పిలిచింది, మిగతా ఊరంతా ఏమని పిలిచినా.

"రేపు శనివారం, మీకు పొద్దున్నే పనుంటుంది కదా," అంది కెర్రా. "ఎనిమిదింటికే వచ్చి బాబాయ్ దగ్గరుంటాను, జెనిఫర్ గారూ."

తలుపు మెల్లిగానే వేసి వెళ్లింది. మెట్లు దిగే అడుగులు పదకొండూ వినపడ్డాయి. జెనిఫర్ నిలబడే ఉంది.